ఖాళీ బరువు

కోవూరు మిల్లులో కాటా నాది.
పందొమ్మిదేళ్లుగా లారీ ఎక్కుతాది, దిగుతాది,
అంకె నేను రాస్తా.
నిండు బరువు ఒక గళ్లో, ఖాళీ బరువు ఇంకో గళ్లో,
తీసేస్తే మిగిలిందే సరుకు.
పుట్టికి ఎనిమిదొందల యాభై కిలోలు.
నిద్రలో లేపి అడిగినా తప్పు చెప్పను.

పోయిన వేసంగిలో ఆసుపత్రివాళ్లు
నన్నూ అట్టానే తూశారు.
ఖాళీ కడుపున ఒకసారి,
అన్నం తిన్న రెండు గంటలకి ఇంకోసారి.
రెండో చీటీ చూసి డాక్టరు కళ్లద్దాలు తీశాడు.
"షుగరు. మందు రాస్తున్నా.
కార్బోహైడ్రేట్లు మాత్రం తగ్గించాలి."
కార్బో అంటే అన్నం,
అదొక్కటే బుర్రకెక్కింది నాకు.

అన్నం సగం చేశా.
ఆకలేస్తే సొరుగు లాగి వేయించిన చెనక్కాయలు.
వెంగమ్మ చేపల పులుసు దించితే
పైన తేలే ఎర్రనూనె అంతా నా గిన్నెలోకే.
నూనెలో కార్బో లేదు గదా!
మూడు నెలలకి షుగరు దిగింది.
నేను ఆరు కిలోలు ఎక్కా.
మా కాటా పదేసి కిలోల లెక్కన కదులుతాది,
ఆరుని పట్టించుకోదు.
ఆసుపత్రి కాటా ఊరుకోలేదు.

షమీమ్ అని, తిండి సంగతి చెప్పే పిల్ల,
మూలాపేట నుంచి స్కూటీ మీద వస్తాది.
నా చెనక్కాయల కథ విని నవ్వలేదు.
"మీ మిల్లు బాయిలర్లో ఏం పోస్తారు?"
ఊక.
"ఊక లేని రోజు?"
కట్టెలు. ఒక్కోసారి జీడితొక్క.
తొక్కలో నూనె ఉంటాది గదా,
ఒక తట్ట పోస్తే రెండు తట్టల ఊకంత మంట.
"పైనుండే ముల్లుకి తెలుసా, లోపల మండేది ఊకో తొక్కో?"
దానికేం తెలుసు. అది వేడినే చూపిస్తాది.

"క్యాలరీ ఆ ముల్లు సార్. కార్బోహైడ్రేట్ ఊక.
ఒకటి లెక్క, ఒకటి సరుకు.
గ్రాము పిండిపదార్థం ముల్లుని నాలుగు గీతలు లేపితే
గ్రాము నూనె తొమ్మిది లేపుతుంది.
మీరు ఊక తగ్గించి జీడితొక్క ఎగదోశారు."

సరుకూ లెక్కా వేరని
బతుకంతా ఆ వేరుమీదే బువ్వ తిన్న నాకు
ఒక చిన్నపిల్ల చెప్పాల్సొచ్చింది.

ఇప్పుడు నా క్యారేజీలో
గుప్పెడన్నం, గోరుచిక్కుడు, ఒక గుడ్డు.
హమాలీ చెంచురామయ్య తొంగి చూసి
"ఏంది సామీ, కోడిపిల్లకి పెట్టినట్టు?" అన్నాడు.
అతని గిన్నెలో అన్నం గుట్ట,
మధ్యలో గుంట చేసి పోసుకున్న చారు.
ఇద్దరివీ ఒకే మిల్లు బియ్యం.
బాయిలరు కథంతా చెప్పా.
విన్నాడు, వేళ్లు నాకాడు.
"నాది సాయంత్రానికల్లా సున్నాకొస్తాది సామీ ముల్లు.
పొయ్యేసరికి కాళ్లు వణుకుతాయి."

లారీలు లేని మధ్యాహ్నం అది.
"ఒకసారి నన్నూ తూయించు" అని
భుజాన బస్తాతోనే కాటా ఎక్కాడు.
నూట ముప్పై.
బస్తా దించి మళ్లీ ఎక్కమన్నా.
యాభై.

కాటా చెడిందేమోనని
అద్దం తుడిచి చూశా. యాభయ్యే.
మోసేవాడికన్నా మోసింది ఎక్కువ తూగింది.
పెన్ను తీశాను గానీ
ఏ గళ్లో రాయాలో తోచలా.

సొరుగు లాగి,
అడుగున మిగిలిన చెనక్కాయలన్నీ
పాత కాటా చీటీలో పొట్లం కట్టి చేతిలో పెట్టా.
"ఇయ్యి వేడి చేస్తాయి గదా సామీ" అంటానే
పొట్టు ఊది,
నోట్లో పోసుకున్నాడు.